రూపాయి బిళ్ల నుంచి తపాలా బిళ్లకు: పాత కవర్లను నానబెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత నాణేలు, తపాలా బిళ్లల సేకరణ గురించి వెలువడిన వ్యాసం చదివాను. కొత్తగా మొదలుపెట్టేవారిని ఉత్సాహపరచాలన్న వ్యాసకర్త ఉద్దేశం మెచ్చదగినదే. అయితే అందులోని ఒక సలహాతో మాత్రం నేను ఏకీభవించలేకపోతున్నాను. అటక మీద పడి ఉన్న పాత ఉత్తరాల కవర్లను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, బిళ్లలను ఊడదీసి, ఆరబెట్టి ఆల్బమ్‌లో అమర్చుకొమ్మని వారు రాశారు. ముప్పై ఏళ్లకు పైగా నాణేలు పోగుచేసి, ఉద్యోగ విరమణ తరువాత తపాలా బిళ్లల వైపు మళ్లిన నేను సరిగ్గా ఆ పనే చేశాను. దానివల్ల పోగొట్టుకున్నదేమిటో మీ పాఠకులకు తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాణేలతో పరిచయం నాకు వృత్తి వల్ల కలిగింది. తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే బస్సుల్లో కండక్టరుగా పనిచేసిన రోజుల్లో దేశం నలుమూలల నుంచి వచ్చే యాత్రికుల చిల్లర నా తోలు సంచిలో పడేది. పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఏళ్ల తరబడి దేవుడి గూట్లో దాచిన నాణేలు ఒకటో రెండో, హుండీకి చేరవలసినవి, పొరపాటున టికెట్టు డబ్బుల్లో కలిసి వచ్చేవి. డ్యూటీ దిగాక లెక్క అప్పగించే ముందు అలాంటి నాణేన్ని పక్కకు తీసి, దానికి సరిపడే చిల్లర నా జేబులోంచి సంచిలో వేసేవాణ్ణి. అవి స్వామివారికి చెందవలసినవన్న బెంగ కొన్నాళ్లు మనసును పీకగా, అంతకంత సొమ్ము హుండీలో కూడా వేసి ఊరట పొందాను. సంవత్సరపు అంకె కింద వజ్రపు గుర్తు ఉంటే బొంబాయి టంకశాల అనీ, నక్షత్రం ఉంటే హైదరాబాదు అనీ, చుక్క ఉంటే నోయిడా అనీ, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా అనీ పోల్చుకోవడం బస్సు ఘాటు రోడ్డు మలుపులు తిరుగుతుండగానే నాకు అలవాటైంది. బేడలు, పావలాలు, చిల్లు కాణీలు, నయాపైసలు అన్నీ చేరాయి. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారు శ్రీదేవీ భూదేవీ సమేతుడైన వేంకటేశ్వరస్వామి రూపంతో ముద్రించిన బంగారు వరహా మాత్రం నా వంటివారి చేతికి అందేది కాదు. మా ఊరి దేవుడే అయినా దానిని బొమ్మల్లో చూసి సంతృప్తి పడ్డాను.

మన వాడుకలో రూపాయి బిళ్ల, తపాలా బిళ్ల అని రెంటినీ ‘బిళ్ల’ అనే అంటాం. ఆ మాటే నన్ను తప్పుదారి పట్టించిందేమో అనుకుంటాను. నాణెం తనంతట తాను పూర్తి అయిన వస్తువు. అది ఎవరి చేతిలోంచి వచ్చింది, ఏ ఊళ్లో ఏ సరుకు కొన్నది అనే సంగతులు దాని మీద ఎక్కడా నమోదు కావు. వాడకం దానికి అరుగుదలను మాత్రమే ఇస్తుంది కాబట్టి, సేకర్త దృష్టిలో వాడిన నాణెం కంటే వాడని నాణెం ఎప్పుడూ మేలు. తపాలా బిళ్లకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుందనీ, కవరు కేవలం పై తొడుగు అనీ, తపాలా కార్యాలయం వారు కొట్టిన ముద్ర బిళ్లకు పట్టిన మురికి అనీ తలచాను. ఇంతకు మించిన పొరపాటు ఈ అభిరుచిలో మరొకటి లేదని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

నగరిలో నా భార్య పెద్దమ్మగారి పాత మిద్దె ఇల్లు విప్పుతున్నప్పుడు వంటింటి దూలానికి వేలాడుతూ ఉత్తరాల తీగ ఒకటి దొరికింది. కింద గుండ్రటి చెక్కబిళ్ల, దాని మధ్యనుంచి పైకి లేచిన ఇనుప తీగ, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరాన్ని చదివి దానికి గుచ్చేవారు. ఆ కాలపు ఇళ్లలో పెరిగినవారికి దానిని వర్ణించి చెప్పనక్కరలేదు. పెద్దమ్మగారి భర్త చీరల వ్యాపారి కావడంతో కార్డులు, కవర్లు, ఇన్‌లాండ్ ఉత్తరాలు, మనియార్డరు రసీదులు అన్నీ ఏళ్ల వరుసలోనే, పాతవి అడుగున, కొత్తవి పైన గుచ్చి ఉన్నాయి. కొన్ని బిళ్లల నడిమధ్య నుంచే తీగ దిగింది. చిల్లుపడిన నాణెం చెడిన నాణెమని నేర్చినవాణ్ణి కావడంతో వాటిని చూసి నిట్టూర్చి, మిగిలినవాటినైనా కాపాడుదామని ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, తీగ పైభాగం నుంచి నలభైకి పైగా కవర్లు నానబెట్టాను. ఊదారంగు సిరాతో రాసిన చిరునామాలు అరగంటలో నీళ్లంతా రంగుచేశాయి. బిళ్లలు మాత్రం చక్కగా ఊడివచ్చాయి. తడిసిన కవర్లను చెత్తబుట్టలో వేసి, బిళ్లలను వార్తాపత్రిక మీద ఆరబెట్టాను. అది మీ పత్రికే కావడం ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది.

వారం తరువాత చిత్తూరులో ఉన్న ఒక పెద్దమనిషికి, ఈ అభిరుచిలో నాకంటే ఎంతో ముందు నుంచి ఉన్నవారికి, వాటిని చూపించాను. ఆయన బిళ్లలను చూడకముందే “కవర్లేవి?” అని అడిగారు. పారేశానని చెప్పగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి కొంతసేపు ఊరుకున్నారు. తరువాత నా బిళ్లల్లోంచి ‘కుటుంబ నియోజనం’ బొమ్మ ఉన్న 5 పైసల బిళ్లను పట్టకారుతో పైకి తీసి, దాని మీద నల్లగా అచ్చువేసిన ‘రెఫ్యూజీ రిలీఫ్’ అనే మాటలను చూపించారు. 1971లో తూర్పు బెంగాలు (నేటి బంగ్లాదేశ్) నుంచి లక్షల కొద్దీ శరణార్థులు మన దేశానికి వచ్చినప్పుడు వారి పోషణ ఖర్చు కోసం ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద 5 పైసల అదనపు బిళ్ల అంటించాలని ప్రభుత్వం విధించింది. ప్రత్యేకమైన బిళ్ల డిసెంబరు 1న వెలువడేదాకా, ఉన్న 5 పైసల బిళ్లల మీదే ఆ మాటలను అచ్చువేసి అమ్మారు. కొన్ని ఊళ్లలో తపాలా కార్యాలయాలవారు రబ్బరు ముద్రలతో సైతం వేసుకున్నారు. 1973 మార్చి 31తో ఆ విధింపు ముగిసింది.

నా దగ్గర ఉన్నవి అలాంటి బిళ్లలు నాలుగు. నా భార్య మేనమామ కలకత్తాలో ఒక జనపనార మిల్లు కార్యాలయంలో గుమాస్తాగా ఉంటూ నగరిలోని అక్కగారికి రాసిన ఉత్తరాల మీదివి. శరణార్థులు చేరిన బెంగాలు నుంచి బయలుదేరి, వారి పేరిట వసూలైన 5 పైసలను మామూలు బిళ్ల పక్కనే మోస్తూ, రెండు బిళ్లల మీదా కలిసి పడిన కలకత్తా ముద్రతో, వెనుక నగరి చేరిన తేదీ ముద్రతో ఆ కవర్లు మా ఇంటికి వచ్చాయి. నేను వాటిని నాలుగు చిన్న కాగితపు ముక్కలుగా మార్చాను. ఒక్కోదానిపై ఇప్పుడు మిగిలింది గుండ్రటి ముద్రలో పావు వంతు. ఊరి పేరులో రెండక్షరాలు, తేదీలో ఒక అంకె. విడిగా ఆ బిళ్ల ఎవరికైనా చవకగా దొరికేదే. ఆ కవరు మాత్రం మరొకటి లేదు.

ముద్ర మురికి కాదని గ్రహించడానికి బిళ్ల పుట్టుక తెలుసుకుంటే చాలు. 1840 మే నెలలో ఇంగ్లండులో వెలువడిన మొదటి తపాలా బిళ్ల, నల్లరంగు పెన్నీ. దానిని ఎవరూ మళ్లీ వాడకుండా రద్దు చేయడానికి ఎర్ర సిరా ముద్ర వాడారు. ఆ సిరాను సులువుగా తుడిచివేసి బిళ్లను మళ్లీ వాడుకోవచ్చని జనం కనిపెట్టేశారు. దానితో మరుసటి ఏడాది బిళ్లనే ఎరుపు చేసి, ముద్రను నలుపు చేశారు. అంటే ముద్ర వదలకూడదనే ఉద్దేశంతో బిళ్ల రంగునే మార్చుకున్నారన్న మాట. అప్పటి మన దేశంలోని సింధు ప్రాంతంలో 1852లోనూ, దేశమంతటికీ 1854లోనూ బిళ్లలు వచ్చినప్పటి నుంచి ఏ ఊరి తపాలా కార్యాలయం ఏ తేదీన ఏ ఉత్తరాన్ని చేపట్టిందో చెప్పే సాక్ష్యం ఆ ముద్ర ఒక్కటే.

టబ్బు నిండిపోవడం వల్లనో, నాకు ఓపిక తీరడం వల్లనో, తీగ అడుగున ఉన్న పదకొండు కవర్లు నానకుండా మిగిలాయి. అవన్నీ 1950ల నాటివి. తిరుత్తణిలో ఉన్న ఒక నూలు వర్తకుడు నగరిలోని పెద్దమ్మగారి భర్తకు రాసినవి. బిళ్లల పరంగా చూస్తే వాటిలో అపురూపమైనది ఒక్కటీ లేదు. చిరునామాలను వరుసగా చదివితే మాత్రం మన జిల్లా చరిత్ర కళ్లకు కడుతుంది. 1952 నాటి కవరు మీద ‘చిత్తూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం’ అని ఉంది. 1953 అక్టోబరు 1 తరువాతి కవర్ల మీద అదే చేతిరాతలో ‘ఆంధ్ర రాష్ట్రం’ అని మారింది. ఒకదాని మీద అలవాటు కొద్దీ మద్రాసు అని రాసి, కొట్టివేసి, పైన ఆంధ్ర అని దిద్దారు. 1956 నవంబరు తరువాత ‘ఆంధ్రప్రదేశ్’ వచ్చింది. పంపినవారి చిరునామాలో తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాలోనే ఉంది, ఎందుకంటే 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా ఆ తాలూకా మనదే. నగరి నుంచి తిరుత్తణికి దూరం ఎంత? ఆ కాస్త దూరంలో, ఎనిమిదేళ్లలో, ఒకరింటికి ఒకరు రాసుకున్న ఉత్తరం మరో రాష్ట్రపు ఉత్తరమైంది. బిళ్లలను ఊడదీసి ఉంటే ఇవేవీ నాకు తెలిసేవి కావు.

అందులోని చివరి మూడు కవర్లు నాణేల మనిషినైన నన్ను మరో విధంగా ఆకట్టుకున్నాయి. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అదే రోజున తపాలా శాఖ భారతదేశ పటం బొమ్మతో నయాపైసల బిళ్లల వరుసను విడుదల చేసింది. అప్పటిదాకా రూపాయికి 64 పైసలని లెక్క వేసుకున్న జనానికి తెలియడం కోసం ఆ కొత్త పైస మీద ‘రూపాయిలో నూరవ భాగం’ అని హిందీలో రాసిన సంగతి నాణేల సేకర్తలందరికీ తెలుసు. ఆ నాణెం, ఆ పటం బిళ్ల ఒకే నాటి కవలలు. ఇంకా ముచ్చటైనదేమిటంటే, ఈ పటం బిళ్లను వెలుతురుకు పట్టి చూస్తే కాగితంలో మొదటివాటికి నక్షత్రాల నీటిగుర్తు (వాటర్‌మార్క్), తరువాతివాటికి అశోక స్తంభపు సింహాల నీటిగుర్తు కనిపిస్తాయి. టంకశాల గుర్తుల కోసం భూతద్దం పట్టిన కళ్లకు ఇది పాత అలవాటే. అంచు పళ్లను 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని ఉన్నాయో లెక్కించడం కూడా అంతే.

కాబట్టి నాణేల నుంచి బిళ్లలకు రావాలనుకునే వారు తమకు తెలిసిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చునని నా అభిప్రాయం. నాణెమూ బిళ్లా రెండూ వెలువడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి: 1964లో నెహ్రూ మరణానంతరం, 1969లో గాంధీజీ శతజయంతికి, 1982 ఆసియా క్రీడలకు. జతలుగా పెట్టుకుంటే ఆల్బమ్‌లో ప్రతి పుట తానే మాట్లాడుతుంది. ఇవేవీ ఖరీదైనవి కావు. ఇక ఖరీదైనవాటి జోలికి, ముఖ్యంగా 1948 ఆగస్టు 15న వెలువడిన గాంధీజీ 10 రూపాయల బిళ్ల జోలికి, తెలిసినవారు పక్కన లేకుండా పోవద్దు. దానికి నకిలీలు విస్తారంగా ఉన్నాయి. పాత నాణెం ఇస్తే లక్షలు ఇస్తామంటూ సెల్‌ఫోన్లలో తిరిగే ప్రకటనల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రజలను హెచ్చరించింది. అటువంటి మాటలే ఇప్పుడు బిళ్లల గురించి కూడా వినిపిస్తున్నాయి.

నీటిలో నానబెట్టడం ఎన్నడూ కూడదని నేను అనడం లేదు. కార్యాలయాలకు కట్టలు కట్టలుగా వచ్చే కవర్ల మీది, ముద్ర సరిగా పడని, పెన్నుతో గీతలు గీసిన బిళ్లలను తీసుకోవడంలో నష్టం లేదు. అలాగైనా ముందు ఆ కవరును రెండు వైపులా చూడాలి. వెనుక చేరిన ఊరి ముద్ర ఉందా, పిన్‌కోడు ఉందా, రిజిస్ట్రేషన్ నంబరు చీటీ ఉందా అని పరిశీలించాలి. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడును రాయడం మన జనానికి ఎన్నేళ్లకు అలవాటైందో కూడా పాత కవర్లే చెబుతాయి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైంది కాబట్టి, నిన్నమొన్నటి దాకా బీరువాల్లో పడి ఉన్న ఆ చీటీల కవర్లు సైతం ఇకపై గతకాలపు వస్తువులే. అనుమానం కలిగిన ప్రతి కవరునూ కవరుగానే ఉంచడం మేలు. ఎక్కడ ఉంచాలో తెలియకపోతే కనీసం బిళ్ల, ముద్ర రెండూ పూర్తిగా వచ్చేలా చుట్టూ వెడల్పుగా వదిలి కత్తిరించుకోవాలి.

భద్రపరచడంలో నాణేలవాళ్లం చేసే అజాగ్రత్త గురించి ఒక్క మాట. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. బురదలో మునిగిన నాణేల పెట్టెను బయటికి తీసి మంచినీళ్లలో కడిగి ఆరబెడితే అన్నీ బతికాయి. అదే అరలో ఉన్న వాడని బిళ్లల పొట్లాలు వెనుక జిగురు కరిగి ఒకదానికొకటి అంటుకుని, ఇటుక వలె గట్టిపడ్డాయి. అప్పటి నుంచి బిళ్లలు, కవర్లు పై అరలోనే నిలబెట్టి ఉంచుతున్నాను, చేత్తో కాక పట్టకారుతోనే ముట్టుకుంటున్నాను. కొండ గాలికి వానాకాలంలో ఇక్కడ చెమ్మ తొందరగా చేరుతుంది కాబట్టి ఎండ కాసిన రోజున ఆల్బమ్‌ను నీడలో తెరిచి గాలికి ఉంచడం అవసరం.

పిల్లలున్న ఇళ్లవారికి ఉపయోగపడే సంగతి ఒకటి మీ వ్యాసంలో లేకపోయింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే విద్యార్థులలో ఈ అభిరుచి ఉన్నవారికి తపాలా శాఖ 2017 నుంచి దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన కింద ఏడాదికి 6,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తోంది. బడిలో ఫిలాటెలీ (తపాలా బిళ్లల సేకరణ) క్లబ్బు సభ్యత్వం గానీ, తపాలా కార్యాలయంలో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా గానీ ఉన్న పిల్లలు దీనికి అర్హులు. క్విజ్ పోటీ, ప్రాజెక్టు ద్వారా ఎంపిక జరుగుతుంది. ప్రాజెక్టుకు దూరపు విషయాలు వెతకనక్కరలేదు. తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి బిళ్ల 1967లో, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి బిళ్ల 1987లో వచ్చాయి. నేడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టుకు 1981లో బిళ్ల వెలువడింది. మన జిల్లాల పేరుతో ఒక పిల్లవాడు మొదలుపెడితే ఇవే చాలు.

వచ్చే ఆదివారం ఆ వ్యాసం రెండో భాగం రానున్నదని ప్రకటించారు. ఈలోగా ఎవరైనా పాఠకులు టబ్బులో నీళ్లు పోసి ఉంటారేమోనన్నదే నా ఆందోళన. అందువల్ల రెండో భాగం మొదట్లోనే, పాత కవర్లను ముందు పెద్దవారికి, తెలిసినవారికి చూపించి, ఆపైనే బిళ్ల తీయాలో వద్దో నిర్ణయించుకోవాలన్న సవరణను చేర్చవలసిందిగా కోరుతున్నాను. స్థలం కుదిరితే పాఠకులు తమ ఇళ్లలో దొరికిన పాత కవర్ల ఫొటోలను, చిరునామాదారుల పేర్లు మరుగుపరిచి, వారానికొకటి ప్రచురించినా బాగుంటుంది. నా దగ్గర మిగిలిన పదకొండింటిలో మద్రాసు కొట్టివేసి ఆంధ్ర అని దిద్దిన ఆ కవరు ఫొటోను ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను. ఎడమ మూలన కనిపించే చిల్లు తీగది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత బస్సు కండక్టరు,
తిరుపతి.